రోజ్‌మేరీ, లావెండర్ కొమ్మలు వేళ్ళూనక ముందే కుళ్ళిపోతుంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. ఆరు రోజ్‌మేరీ కొమ్మలు, ఆరు లావెండర్ కొమ్మలు కత్తిరించి, తోట మట్టి, వర్మీకంపోస్టు సగం సగం కలిపిన, లోతు తక్కువైన వెడల్పాటి తొట్టిలో గుచ్చి, పైన పాలిథీన్ సంచి కప్పి రోజూ నీళ్ళు పోశారు. రెండు వారాలకు లావెండర్ కొమ్మలన్నీ మొదట్లో నల్లబడ్డాయి. రోజ్‌మేరీ కొమ్మలు పచ్చగానే ఉన్నా, ఒకదాన్ని లాగి చూస్తే వేరు జాడ లేదు. వేళ్ళు పుట్టడానికి కోత చివర అద్దే రూటింగ్ హార్మోన్ పొడి వాడకపోవడమే కారణమా అని అడిగారు. కాదు. ఆ పొడి వాడి ఉన్నా దాదాపు ఇదే జరిగి ఉండేది. మీ లావెండర్ కొమ్మలు దాహంతో చనిపోలేదు, ఊపిరాడక చనిపోయాయి. నేను కూడా మొదట్లో ఇరవై కొమ్మలున్న ట్రే మొత్తాన్ని ఇలాగే, అతి జాగ్రత్తతో పోగొట్టుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

రోజ్‌మేరీ, లావెండర్ రెండూ తులసి, పుదీనాల కుటుంబానికి చెందినవే. లేత కొమ్మను వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూస్తే తులసి కొమ్మలాగే నాలుగు పలకలుగా తగులుతుంది. (రోజ్‌మేరీనైతే 2017 తరువాత వృక్షశాస్త్రజ్ఞులు సాల్వియా ప్రజాతిలో కలిపేశారు; ఇప్పుడు దాని శాస్త్రీయ నామం సాల్వియా రోస్మరైనస్.) ఈ చుట్టరికం చూసే చాలామంది మోసపోతారు. పుదీనా తడి నేలల మొక్క కాబట్టి కాడను నీళ్ళ గ్లాసులో వేస్తే కొద్ది రోజుల్లోనే వేళ్ళు వేస్తుంది. ఈ రెండూ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఎండిన రాతి గుట్టల మీద పెరిగే పొదలు. సన్నని ఆకు, కిందికి చుట్టుకున్న అంచులు, తెల్లని నూగు, ఇవన్నీ ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా అవి చేసుకున్న ఏర్పాట్లు. అందువల్ల కత్తిరించాక కూడా ఈ కొమ్మలు తొందరగా వాడవు; కానీ ఆ నూగులో చిక్కుకున్న తడి కూడా తొందరగా ఆరదు. కోలియస్ అనే రంగురంగుల ఆకుల మొక్క కొమ్మకు ప్రాణం పోసే తడిగాలి వీటికి, ముఖ్యంగా లావెండర్‌కు, బూజు పట్టించే గాలి అవుతుంది.

కోసిన చోట ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. చిగుళ్ళలో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం గుండా కిందికి ప్రయాణిస్తుంది. కొమ్మను కోయగానే దాని దారి అక్కడితో తెగిపోతుంది గనుక అది కోతకు కొద్దిగా పైన పోగవుతుంది. అక్కడ బెరడు లోపలి కణాలు విభజన మొదలుపెట్టి, గాయాన్ని మూసే తెల్లని కండలాంటి పొరనూ, వేరు మొలకలనూ తయారుచేస్తాయి. ఆ పనికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే కోత దగ్గరి కణాలకు ఊపిరి అందదు. నీరసించిన ఆ భాగం మీద తడి మట్టిలో పొంచి ఉండే పైథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు దాడి చేస్తాయి. మీరు చూసిన నలుపు అదే. ఆ చోట రెండు వేళ్ళతో పట్టి లాగితే బెరడు తొడుగులా ఊడి చేతికి వస్తుంది, లోపల దారంలాంటి పుల్ల మిగులుతుంది. నీరందక చనిపోయిన కొమ్మ ఇలా ఉండదు. ఆకుల కొసల నుంచి మొదలై పెళుసుగా ఎండి, వేలితో తాకితే ఆకులు రాలిపోతాయి.

ఇక కొమ్మ ఎంపిక. నా అనుభవంలో ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఇదే, అయినా అందరూ దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మనకు కావలసింది ఈ ఏడాది పెరిగిన కొమ్మ, మొదలు గట్టిపడటం ఆరంభించి, కొస ఇంకా లేతగా ఉన్న దశలో. రోజ్‌మేరీలో అయితే కొస నుంచి కిందికి చూసుకుంటూ వస్తే ఆకుపచ్చ కాండం ఒక చోట లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మారే చోటుకు కొంచెం కింద కోయాలి. రంగుతో పోల్చుకోవడం కష్టమైతే కొమ్మను మెల్లగా వంచి చూడండి. తడిసిన నూలుపోగులా మడతపడి అలాగే ఉండిపోతే అది మరీ లేత, మట్టిలో కుళ్ళుతుంది. పుటుక్కున విరిగితే అది ముదురు, వేళ్ళు వేయడానికి నెలలు పట్టవచ్చు లేదా వేయకనే పోవచ్చు. విల్లులా వంగి, వదలగానే మళ్ళీ నిటారుగా లేచే కొమ్మ సరైనది. లావెండర్‌లో కాండం అంతటా బూడిద పచ్చగానే ఉంటుంది కాబట్టి ఈ వంపు పరీక్ష మీదే ఆధారపడాలి.

పూసిన కొమ్మ, మొగ్గ తొడిగిన కొమ్మ వద్దు. దానిలోని ఆహారమంతా పూలవైపు పోతుంది. లావెండర్ పూత మధ్యలో ఉన్నప్పుడు పూలు లేని కొమ్మ దొరకడం కష్టం. అప్పుడు పూత ముగిసేదాకా ఆగి, పూకాడలు కత్తిరించేసి, కొత్త చిగుళ్ళు 10 సెంటీమీటర్లు పెరిగాక తీసుకోవడం మంచిది. తల్లి మొక్కకు ఈమధ్య నత్రజని ఎరువు బాగా వేసి ఉంటే దాని కొమ్మలు నీరు పట్టి ఉబ్బినట్లుంటాయి, అవి కూడా తొందరగా కుళ్ళుతాయి. తల్లి మొక్క వయసు కూడా లెక్కలోకి వస్తుంది. రెండు మూడేళ్ళ మొక్క నుంచి తీసిన కొమ్మలు వేళ్ళు వేసినంత సులువుగా, మొదలంతా మొద్దుబారిన పాత పొద కొమ్మలు వేయవు. వంట కోసం తెచ్చుకున్న రోజ్‌మేరీ కట్టలోని కొమ్మలు పనికొస్తాయా అని కొందరు అడుగుతుంటారు. కొసలు తాజాగా, ఆకులు నల్లబడకుండా ఉంటే తప్పకుండా ప్రయత్నించవచ్చు, నాకు చాలాసార్లు వచ్చాయి. లావెండర్ విషయంలో మాత్రం అలాంటి ఆశ పెట్టుకోకండి.

కాలం గురించి అందరికీ ఒకే నెల చెప్పలేము, ఉష్ణోగ్రత చూసుకోండి. మట్టి మిశ్రమం 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే రెండూ బాగా వేళ్ళు వేస్తాయి. అంతకన్నా చల్లగా ఉంటే పని ఆలస్యమవుతుంది తప్ప చెడదు. 30 డిగ్రీలు దాటి, గాలిలో తేమ కూడా ఉంటే వేరు కన్నా ముందు కుళ్ళు వస్తుంది. కాబట్టి ఎండలు ముదిరిన రోజులూ, ముసురు పట్టిన రోజులూ విడిచిపెట్టండి.

ముందు రోజు తల్లి మొక్కకు నీరు పోసి, మరుసటి ఉదయం ఎండ ఎక్కకముందు కోయండి. కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. మొద్దు కత్తెర కాండాన్ని నలిపేస్తుంది, నలిగిన చోట కుళ్ళు మొదలవుతుంది. కొమ్మ పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు చాలు. కణుపుకు, అంటే ఆకుల జత పుట్టే చోటుకు, సరిగ్గా కింద కోయాలి. కింది సగంలోని ఆకులు తీసేటప్పుడు వంటకు దూసినట్లు ఒక్క లాగుడులో దూయకండి, ఆకులతోపాటు బెరడు చారలుగా లేచిపోతుంది. ఒక్కొక్క జతనూ గోటితో గిల్లండి. పక్కకొమ్మను కిందికి లాగి, మొదట్లో పాత కాండపు చిన్న ముక్క మడమలా అంటుకుని వచ్చేలా తీసే పద్ధతి కూడా ఉంది. లావెండర్‌లో నేను ఎక్కువగా ఇదే చేస్తాను, ఎందుకంటే ఆ గట్టి ముక్క లేత కాండం కన్నా కుళ్ళుకు బాగా తట్టుకుంటుంది. వేలాడుతున్న తోలు పీలికను మాత్రం బ్లేడుతో నున్నగా కోసేయాలి.

ఇప్పుడు మీరు అడిగిన హార్మోన్ సంగతి. రూటింగ్ పొడిలో ఉండేది సాధారణంగా ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం, ఆక్సిన్ కోవకే చెందిన పదార్థం. ఇంత లేత కొమ్మలకు 1,000 నుంచి 3,000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) బలం చాలు. గట్టి చెట్టు కొమ్మల కోసం అమ్మే ఎక్కువ బలం పొడి వాడితే కోత చివర మాడినట్లు నల్లబడుతుంది. కొంచెం పొడిని కాగితం మీద తీసుకుని, కోత చివర సెంటీమీటరు మేర అద్ది, ఎక్కువైనది దులిపేయాలి. డబ్బాలోనే ముంచితే తడి, సూక్ష్మజీవులు చేరి డబ్బా అంతా పాడవుతుంది. ఈ పొడి వాడితే ఎక్కువ కొమ్మలు, కొంచెం ముందుగా, ఎక్కువ వేళ్ళతో నిలుస్తాయి. వాడకపోయినా రోజ్‌మేరీ బాగానే వస్తుంది, లావెండర్ కూడా వస్తుంది. తేనె, దాల్చినచెక్క పొడి, కలబంద గుజ్జు గురించి ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. తేనెలో వేరు పుట్టించే హార్మోన్ లేదు. దాల్చినచెక్కకు బూజును అణచే గుణం కొంత ఉంది గానీ అది కూడా వేరు పుట్టించదు. వాటితో వేళ్ళు వచ్చాయంటే అవి లేకపోయినా వచ్చి ఉండేవే అని నా అభిప్రాయం.

మట్టి మిశ్రమం, తొట్టి విషయంలో మీరు చేసిన తప్పులు రెండు. మొదటిది వర్మీకంపోస్టు. వేరు లేని కొమ్మకు ఎరువుతో పని లేదు, పైగా అది నీటిని పట్టి ఉంచుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) సమపాళ్ళలో కలపండి. పెర్లైట్ లేకపోతే బాగా కడిగిన గరుకు ఇసుక రెండు పాళ్ళు, కోకోపీట్ ఒక పాలు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది గనుక రెండు మూడు నీళ్ళలో కడిగి పిండాలి. కలిపిన మిశ్రమాన్ని పిడికిట్లో గట్టిగా నొక్కితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు కనబడాలి, ధార కారకూడదు.

రెండవ తప్పు తొట్టి లోతు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ కుండీలోనైనా నీళ్ళు పోసి వదిలేశాక పై భాగం నుంచి నీరు దిగిపోతుంది గానీ, అడుగున కొన్ని సెంటీమీటర్ల మిశ్రమం మాత్రం పూర్తిగా తడిసే ఉంటుంది, రంధ్రాలు ఎన్ని ఉన్నా సరే. పాత్రలు తోమే స్పాంజిని ముంచి పైకెత్తి పట్టుకుంటే కాసేపటికి కారడం ఆగిపోయినా కింది అంచు ఎలా చెమ్మగా ఉంటుందో ఇదీ అలాగే. లోతు తక్కువ తొట్టిలో గుచ్చిన కొమ్మ చివర సరిగ్గా ఆ చెమ్మ పొరలో కూర్చుంటుంది. అదే 9, 10 సెంటీమీటర్ల లోతున్న కుండీలో 3 సెంటీమీటర్లు మాత్రమే గుచ్చితే కోత ఆ పొరకు పైనే ఉంటుంది. అడుగున గులకరాళ్ళు వేస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం తప్పు. రాళ్ళు వేస్తే ఆ చెమ్మ పొర రాళ్ళ మీదికి, అంటే కొమ్మకు మరింత దగ్గరికి జరుగుతుంది. నేను పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులకు అడుగున రంధ్రాలు చేసి, ఒక్కొక్క దానిలో ఒకటి రెండు కొమ్మలు పెడతాను. వేళ్ళు గోడకు తగిలినప్పుడు లాగి చూడకుండానే కనబడతాయి. వెలుతురు తగలకుండా ఆ గ్లాసును కాగితం చుట్టిన మరో గ్లాసులో దింపి ఉంచితే సరిపోతుంది.

ముందు పుల్లతో రంధ్రం చేసి, అందులో కొమ్మను దించి, చుట్టూ వేలితో మెత్తగా నొక్కాలి. నేరుగా గుచ్చితే అద్దిన పొడి అంతా పైనే తుడుచుకుపోతుంది. కనీసం ఒక కణుపు, వీలైతే రెండు, లోపల ఉండాలి. మిగిలిన ఆకులు మిశ్రమాన్ని తాకకూడదు, పక్క కొమ్మ ఆకులను కూడా తాకకూడదు. తరువాత ఒక్కసారి నీరు పోసి, కారేదంతా కారనిచ్చి, నేరుగా ఎండ పడని వెలుతురు చోట పెట్టండి.

పాలిథీన్ సంచి రోజ్‌మేరీకి మొదటి వారం పది రోజులు ఉపయోగమే, అయితే ఆకులకు తగలకుండా పుల్లల మీద నిలబెట్టి, రోజుకోసారి పది నిమిషాలు తీసేసి గాలి మార్చాలి. సంచి లోపలి గోడ మీద ఎప్పుడూ చుక్కలు కారుతున్నాయంటే తడి ఎక్కువైందని లెక్క. లావెండర్‌కు నేను సంచి కప్పను. మరీ పొడి గాలి ఉన్న గదిలో అయితే పైన తెరిచిన సంచిని చుట్టూ గోడలా నిలబెడతాను, అంతకుమించి అక్కరలేదు. నీటి విషయంలో రోజూ అన్న లెక్కే వద్దు. నీరు పోసి కారిన వెంటనే గ్లాసును చేతిలోకి తీసుకుని బరువు గుర్తుపెట్టుకోండి. తరువాత ఎత్తి చూసినప్పుడు బాగా తేలికగా అనిపించిన రోజునే మళ్ళీ పోయండి. చల్లని గదిలో అది నాలుగైదు రోజులకు ఒకసారి కావచ్చు. బూడిద రంగు బూజు పట్టిన ఆకు గానీ, నల్లబడిన కొమ్మ గానీ కనిపిస్తే ఆ రోజే తీసేయాలి, పక్కదానికి పాకుతుంది.

నీళ్ళ సీసాలో పెట్టి వేళ్ళు తెప్పించవచ్చా అంటే రోజ్‌మేరీకి అవును, లావెండర్‌కు దాదాపు వద్దనే చెబుతాను. రోజ్‌మేరీ కొమ్మను అడుగు 3 సెంటీమీటర్లు మాత్రం మునిగేలా పెట్టి, రెండు మూడు రోజులకోసారి నీరు మారుస్తుంటే (ఆక్సిజన్ కోసమే ఈ మార్చడం) నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్ళు వస్తాయి. అయితే నీటిలో పుట్టిన వేరు పెళుసుగా ఉంటుంది, మట్టిలోకి మార్చాక చాలా కొమ్మలు కుంగిపోతాయి. వేరు 2 సెంటీమీటర్లు కాగానే, మరీ పొడవు పెరగనివ్వకుండా మార్చడం, మార్చిన మొదటి వారం మిశ్రమాన్ని కొంచెం చెమ్మగా ఉంచి క్రమంగా తగ్గించడం అవసరం.

మట్టి మిశ్రమంలో పెట్టిన రోజ్‌మేరీకి నాలుగు నుంచి ఆరు వారాలు, లావెండర్‌కు మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో వారంలో లాగి చూస్తే వేరు కనబడకపోవడం సహజం. పైగా అప్పుడే పుడుతున్న మొలకలు ఆ లాగుడుకు తెగిపోతాయి. కొసన కొత్త చిగురు వచ్చిందని కూడా తొందరపడకండి, కాండంలో నిలవ ఉన్న ఆహారంతోనే కొన్నిసార్లు చిగురు వస్తుంది. నాలుగు వారాల తరువాత ఆకును పట్టుకుని వెంట్రుకవాసి పైకి లాగినప్పుడు కింద ఎవరో పట్టుకున్నట్లు అనిపిస్తే, లేదా అడుగు రంధ్రంలో తెల్లని వేరు కనబడితే, అప్పుడు కుండీ మార్చవచ్చు.

మార్చేది 8, 9 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న కుండీలోకే. పెద్ద కుండీలో వేళ్ళు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి మళ్ళీ అదే కథ మొదలవుతుంది. మట్టి కుండీ అయితే గోడల గుండా కూడా తేమ పోతుంది గనుక వీటికి మరీ మంచిది. వారం రోజులు నీడలో ఉంచి, తరువాత ఉదయపు ఎండ, ఆపైన రోజుకు ఆరు గంటల ఎండ అలవాటు చేయండి. నిలదొక్కుకోగానే కొస గిల్లేస్తే పక్కకొమ్మలు వచ్చి పొదలా అవుతుంది. తరువాతి రోజుల్లో కత్తిరించేటప్పుడు ఒక్కటే గుర్తుంచుకోవాలి: ఆకులు లేని పాత చెక్క భాగంలోకి కోస్తే అక్కడి నుంచి ఈ రెండూ మళ్ళీ చిగురించడం అరుదు.

లావెండర్ అన్నది ఒకే మొక్క కాదని కూడా చెప్పాలి. లావెండులా అంగుస్టిఫోలియా అనేది చల్లని శీతాకాలం కోరుకునే రకం. వేడి, తేమ కలిసిన చోట కొమ్మ వేరు వేసినా మొక్క నిలవడం కష్టం. ఆకు అంచులకు పళ్ళుండే డెంటాటా, పూగుత్తి మీద కుందేలు చెవుల్లాంటి రేకులుండే స్టీకాస్ రకాలు వెచ్చదనాన్ని అంతకన్నా బాగా ఓర్చుకుంటాయి, వేళ్ళు కూడా సులువుగా వేస్తాయి. నూనె కోసం విస్తారంగా పెంచే లావాండిన్ సంకర జాతి, దానికి మొలకెత్తే విత్తనమే ఏర్పడదు, కొమ్మల ద్వారానే పెంచాలి. రోజ్‌మేరీకి విత్తనం ఉన్నా మొలక శాతం తక్కువ, పెరుగుదల నిదానం, తల్లి గుణాలు వస్తాయన్న భరోసా కూడా లేదు. కాబట్టి దానికీ కొమ్మే నయం. ఎన్నిసార్లు చేసినా కొమ్మలు నిలవకపోతే నేల అంటు తొక్కండి: పక్కకు వంగే కొమ్మ అడుగున కొంచెం బెరడు గీకి, ఆ భాగాన్ని ఇసుక కలిపిన మట్టిలో పాతి, పైన రాయి పెట్టి, తల్లి మొక్క నుంచి వేరు చేయకుండా కొన్ని నెలలు వదిలేయాలి. నిదానమైన పద్ధతే, కానీ కొమ్మకు తల్లి నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది కాబట్టి తప్పిపోవడం తక్కువ.

మీ తొట్టిలో ఇంకా పచ్చగా ఉన్న రోజ్‌మేరీ కొమ్మల్ని పారేయకండి. ఇవాళే మెల్లగా తవ్వి తీసి, లాగి చూసినదానితో సహా, ఆరింటి చివరలూ పరిశీలించండి. తెల్లని బుడిపెలు కనబడిన వాటిని అలాగే, గోధుమ రంగుకు మారిన వాటిని తెల్లని భాగం కనబడేదాకా, పైనున్న మరో కణుపుకు సరిగ్గా కింద కొత్తగా కోసి, పైన చెప్పిన మిశ్రమంలో తిరిగి నాటండి. లావెండర్ కొమ్మలు మాత్రం పనికిరావు. ఆ మట్టిని కూడా మరో కొమ్మకు వాడకండి, తొట్టిని సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి.